అజ్ఞాత ఆన్‌లైన్ బెదిరింపులు: పంపినవాళ్ల ఆచూకీ పట్టించే ఆధారాలను కాపాడుకోవడం ఎలా

"ఫేక్ ఐడీ నుంచి చంపేస్తామని మెసేజ్ వచ్చింది. వాడెవడో ఎలా కనిపెట్టాలి?" పదే పదే వచ్చే ప్రశ్న ఇది. మొదటే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫేక్ అకౌంట్ వెనక ఉన్న మనిషి పేరు మీ ఫోన్‌లో ఏ యాప్ పెట్టినా బయటపడదు. ఆ అకౌంట్ ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే నంబర్) నుంచి లాగిన్ అయిందో ఆ యాప్ నడిపే కంపెనీకి తెలుసు. ఆ ఐపీ ఆ సమయంలో ఎవరి కనెక్షన్‌ది అన్నది టెలికాం కంపెనీకి తెలుసు. ఈ రెండు చోట్లా సమాచారం అడిగే అధికారం పోలీసులకు, కోర్టుకు ఉంది. మనకు లేదు.

అలాగని మన చేతిలో ఏమీ లేదనుకోవద్దు. పోలీసులు ఆ కంపెనీలకు రాసే లేఖలో అకౌంట్ లింక్, తేదీ, సమయం సరిగ్గా ఉండాలి. అవి ఇవ్వగలిగింది బాధితులే. అవి తప్పితే కేసు అక్కడే ఆగిపోతుంది. ఈ మార్గదర్శి దాదాపు అంతా దాని గురించే.

1. ముందు ప్రాణానికి ముప్పు ఉందేమో చూసుకోండి

ఆధారాల సంగతి తర్వాత. బెదిరింపులో కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 112కి ఫోన్ చేయండి:

- మీ ఇంటి అడ్రస్, ఇంటి ఫొటో, పిల్లల స్కూల్ పేరు
- ఈ రోజు మీరు ఎక్కడికి వెళ్లారో, ఏ బట్టలు వేసుకున్నారో లాంటి వివరం
- ఫలానా రోజు, ఫలానా టైమ్‌కి అని గడువు
- ఆయుధం ఫొటో లేదా వీడియో

ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098 కూడా ఉన్నాయి. భయపడి ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే 1930కి ఫోన్ చేయండి. డబ్బు అవతలి ఖాతా నుంచి జారిపోకముందే ఆపించే వీలుంటుంది కాబట్టి ఇందులో నిమిషాలు కూడా ముఖ్యమే.

ఇంట్లో కనీసం ఒకరికి చెప్పండి. ఒంటరిగా టెన్షన్ పడుతున్న మనిషే తొందరపడి మెసేజ్‌లు డిలీట్ చేస్తారు, లేదా అవతలివాళ్లు అడిగింది ఇచ్చేస్తారు. ముఖ్యంగా కాలేజీ పిల్లలు "నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అని దాచిపెడతారు. బెదిరించేవాడికి ఆ భయమే పెట్టుబడి. తల్లిదండ్రులు ఇది చదువుతుంటే, ముందు "నీ తప్పేం లేదు" అనండి, తర్వాతే ప్రశ్నలు అడగండి.

2. మొదటి గంటలో ఏం చేయకూడదు

చాలామంది చేసే వరుస ఇది: తిట్టి రిప్లై ఇస్తారు, బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు, చిరాకేసి చాట్ మొత్తం డిలీట్ చేస్తారు. ఆ తర్వాత స్టేషన్‌కి వెళ్తారు. చూపించడానికి ఏమీ ఉండదు.

సరైన వరుస ఇది: ముందు భద్రపరచడం, తర్వాత ఫిర్యాదు, ఆ తర్వాత రిపోర్ట్, చివరికి బ్లాక్.

రిపోర్ట్ కొడితే కంపెనీ ఆ అకౌంట్‌ను తీసేయవచ్చు. అది మంచిదే. కానీ మీరు లింక్ రాసుకోకముందే తీసేస్తే, పోలీసులు ఏ అకౌంట్ గురించి అడగాలో చెప్పడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

మెసేజ్ అలాగే ఉంటుందిలే అని కూడా అనుకోకండి. టెలిగ్రామ్‌లో అవతలివాళ్లు ఎప్పుడైనా, ఎంత పాత మెసేజ్‌నైనా ఇద్దరి వైపునా చెరిపేయగలరు, ఆనవాలు కూడా మిగలదు. వాట్సాప్‌లో పంపిన రెండు రోజుల పైచిలుకు దాకా అందరికీ డిలీట్ చేయవచ్చు. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ చేసి పెట్టినా వాటంతట అవే పోతాయి. టెలిగ్రామ్ బెదిరింపు అయితే ఇది చదవడం ఇక్కడ ఆపి, ముందు వెళ్లి చాట్‌ను భద్రపరచండి.

స్నాప్‌చాట్‌లోనూ, ఇన్‌స్టాగ్రామ్‌లో మాయమైపోయే మెసేజ్‌లలోనూ మీరు స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. అలాంటప్పుడు ఇంకొకరి ఫోన్‌తో మీ స్క్రీన్‌ను ఫొటో, వీడియో తీయండి. వెలుతురు ప్రతిఫలించకుండా ఫోన్‌ను కాస్త వాల్చి పట్టుకుంటే అక్షరాలు చక్కగా వస్తాయి.

3. ఆధారాలు సేకరించే పద్ధతి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఒక ఫోల్డర్, ఒక నోట్‌బుక్ సరిపోతాయి.

*స్క్రీన్‌షాట్.* మెసేజ్ ఒక్కటే కత్తిరించి దాచుకోవద్దు. స్క్రీన్ మొత్తం ఉండాలి: పైన అకౌంట్ పేరు, మధ్యలో మెసేజ్, తేదీ, సమయం. క్రాప్ చేయడం, ఎర్ర గీతతో సున్నా చుట్టడం లాంటివి వద్దు. చుట్టి చూపించాలనుకుంటే వేరే కాపీ మీద చేయండి, అసలుది ముట్టుకోవద్దు. "నిన్న", "2 గంటల క్రితం" అని కనిపిస్తే పనికిరాదు. మెసేజ్ మీద నొక్కి గానీ, పక్కకు జరిపి గానీ, కంప్యూటర్‌లో తెరిచి గానీ అసలు సమయం కనిపించేలా చేసి తీయండి.

*స్క్రీన్ రికార్డింగ్.* స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారు చేయగలరన్న వాదన వస్తుంది. అందుకని హోమ్ స్క్రీన్‌తో మొదలుపెట్టి, యాప్ తెరిచి, చాట్‌లోకి వెళ్లి, మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా జరుపుతూ, అవతలివాళ్ల ప్రొఫైల్ దాకా వెళ్లండి. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా ఉండాలి.

*లింక్.* అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ మర్చిపోయేదీ ఇదే. అకౌంట్‌కు పెట్టుకున్న పేరు, ఫొటో ఎప్పుడైనా మార్చేయవచ్చు. "రాజు" అన్న పేరుతో లక్షల అకౌంట్లు ఉంటాయి. కంపెనీకి కావలసింది ప్రొఫైల్ లింక్, పోస్ట్ అయితే ఆ పోస్ట్ లింక్, కామెంట్ అయితే ఆ కామెంట్ లింక్. షేర్ బటన్ నొక్కి 'కాపీ లింక్' ఎంచుకుని ఫైల్‌లో అతికించండి. కళ్లతో చూసి టైప్ చేయవద్దు. ఇంగ్లిష్ చిన్న ఎల్, పెద్ద ఐ ఒకేలా కనిపిస్తాయి. ఓ అక్షరం బదులు సున్నా పెట్టి ఉండవచ్చు. ఒకటే అండర్‌స్కోర్ ఉందో రెండున్నాయో తెలియదు. ఒక్క గుర్తు తేడా వచ్చినా లేఖ వెళ్లేది సంబంధం లేని మరో మనిషి అకౌంట్ గురించి.

యూజర్‌నేమ్ కూడా మార్చుకోవచ్చు. కానీ అకౌంట్ పుట్టినప్పుడు కంపెనీ ఇచ్చిన అంకెల ఐడీ మారదు. ఫేస్‌బుక్‌లో కొన్ని ప్రొఫైళ్ల లింక్‌లోనే ఆ అంకెలు కనిపిస్తాయి. కనిపిస్తే అదీ రాసుకోండి. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కితే 'అబౌట్ దిస్ అకౌంట్' అని వస్తుంది. అకౌంట్ ఏ నెలలో తెరిచారో, యూజర్‌నేమ్ ఎన్నిసార్లు మార్చారో చాలా అకౌంట్లకు అందులో ఉంటుంది. అదొక స్క్రీన్‌షాట్ తీయండి. మీకు గొడవ జరిగిన వారంలోనే ఆ అకౌంట్ పుట్టిందంటే పోలీసులకు అది పనికొచ్చే విషయం.

*చాట్ ఎక్స్‌పోర్ట్.* వాట్సాప్‌లో చాట్ తెరిచి, మూడు చుక్కల్లో 'ఎక్స్‌పోర్ట్ చాట్' ఎంచుకుని, మీడియాతో కలిపి మీ మెయిల్‌కి పంపుకోండి. మొత్తం సంభాషణ తేదీ, సమయాలతో వస్తుంది. మీరు తిట్టిన మాటలు ఉన్నా తీసేయవద్దు. ఒక్క వాక్యం తీసేసినట్టు తేలినా మిగతా అంతటి మీదా అనుమానం పడుతుంది.

*చిట్టా.* నోట్‌బుక్‌లో ప్రతి బెదిరింపుకీ ఒక వరుస రాయండి. ఉదాహరణకు ఇలా:

"4వ నంబర్. 12-3-2026, రాత్రి 11:47, భారత కాలమానం. ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్. ప్రొఫైల్ లింక్ 'లింకులు' ఫైల్‌లో 4వ వరుస. మాటలు: 'రేపు బస్టాప్‌లో కనిపించు, నీ సంగతి చూస్తా'. స్క్రీన్‌షాట్ 04, వీడియో 04. మెసేజ్ వచ్చినప్పుడు అక్క పక్కనే ఉంది."

"నిన్న రాత్రి ఎవడో బెదిరించాడు" అన్న ఫిర్యాదుకీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. రెండోది చేతికి వస్తే అధికారి ఆ రోజే కంపెనీకి లేఖ రాయగలరు.

భద్రపరచడం పూర్తయిందా అని చూసుకోవడానికి:

- స్క్రీన్ మొత్తం కనిపించే స్క్రీన్‌షాట్లు, అసలు సమయంతో
- చాట్ నుంచి ప్రొఫైల్ దాకా ఒకే రికార్డింగ్
- కాపీ చేసిన లింకులు ఒక టెక్స్ట్ ఫైల్‌లో
- ఎక్స్‌పోర్ట్ చేసిన చాట్
- చిట్టా
- ఇవన్నీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మీ మెయిల్‌లో లేదా క్లౌడ్‌లో ఇంకొకటి

మెసేజ్ వచ్చిన ఫోన్‌ను ఫార్మాట్ చేయవద్దు. ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వవద్దు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాపీని కోర్టులో పెట్టాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం సాక్ష్యం సమర్పించేవారి వైపు నుంచి, రెండోది నిపుణుడి నుంచి రావాలి. అసలు ఫోన్ మీ దగ్గర ఉంటే ఈ పని చాలా సులువు.

4. బెదిరింపు ఈమెయిల్‌లో వస్తే

మెయిల్‌ను ఫార్వర్డ్ చేయవద్దు. ఫార్వర్డ్ చేసినదానిలో మీ వివరాలు ఉంటాయి, అసలు మెయిల్ ప్రయాణించిన వివరాలు పోతాయి. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఇచ్చినా చాలదు. కావలసింది హెడర్, అంటే మెయిల్ ఏ సర్వర్ల మీదుగా, ఎప్పుడు వచ్చిందో చెప్పే సాంకేతిక వివరాలు.

జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరవండి. ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. అక్కడ 'డౌన్‌లోడ్ ఒరిజినల్' అని ఉంటుంది. దింపుకున్న ఫైల్‌ను తెరిచి మార్చకుండా అలాగే దాచండి. పోలీసులకు ఇవ్వాల్సింది ఆ ఫైలే.

చదివి అర్థం చేసుకోవాలనుకుంటే మూడు చోట్ల చూడండి.

మొదటిది మెసేజ్ ఐడీ. ఆ మెయిల్‌ను మెయిల్ కంపెనీ గుర్తుపట్టే నంబర్ అది.

రెండోది ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ ఫలితాలు. పంపిన అడ్రస్ నిజమైనదేనా అని చూసే పరీక్షలివి. 'పాస్' అని ఉంటే మెయిల్ ఆ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాతి భాగం) నుంచే వచ్చిందని చెప్పుకోవచ్చు. 'ఫెయిల్' అని ఉంటే పంపినట్టు కనిపించే అడ్రస్ దొంగది కావచ్చు, ఆ అడ్రస్ సొంతదారుకు ఏ పాపమూ తెలియకపోవచ్చు.

మూడోది 'రిసీవ్‌డ్' అని మొదలయ్యే వరుసలు. వీటిని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా కిందిది మొదటి మజిలీ. కానీ ఆ కింది వరుసల్ని పంపినవాళ్లే కల్పించి చేర్చవచ్చు. మీ మెయిల్ కంపెనీ సర్వర్ చేర్చిన వరుసలనే గట్టిగా నమ్మవచ్చు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. హెడర్‌లో కనిపించిన ఐపీని వెబ్‌సైట్‌లో పెట్టి చూస్తే "అమెరికా, కాలిఫోర్నియా" అని వస్తుంది. వెంటనే "అమెరికాలో ఉన్న మా బావమరిదే" అని తేల్చేస్తారు. జీమెయిల్ వెబ్‌సైట్ నుంచో యాప్ నుంచో పంపిన మెయిల్‌లో పంపినవాళ్ల ఐపీ ఉండదు. కనిపించేది గూగుల్ సర్వర్ ఐపీ. వరంగల్‌లో పక్కింట్లో కూర్చుని పంపినా అదే వస్తుంది.

సమయం విషయం కూడా జాగ్రత్త. హెడర్‌లో ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) అయితే దానికి ఐదున్నర గంటలు కలపాలి. హెడర్‌లో 18:20 అంటే మనకు రాత్రి 11:50. 19:10 అంటే అర్ధరాత్రి దాటి 12:40, అంటే తేదీ కూడా మారిపోతుంది. ఫిర్యాదులో రెండు సమయాలూ రాయండి, ఏది ఏ కాలమానమో పక్కనే రాయండి.

ఇంకొకటి. "నీ పాస్‌వర్డ్ ఇదిగో, నీ కెమెరాతో వీడియో తీశాను, బిట్‌కాయిన్ పంపు" అని మీ అడ్రస్ నుంచే మీకు మెయిల్ వచ్చిందా? ఇది ఒకే మాటలతో వేలమందికి పంపే మెయిల్. ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైనది. పైసా పంపవద్దు. ఆ పాస్‌వర్డ్ ఎక్కడెక్కడ వాడుతున్నారో అక్కడల్లా మార్చి, రెండంచెల లాగిన్ పెట్టుకోండి.

5. ఫోన్ నంబర్ నుంచి వస్తే

నంబర్ తెలుసు కాబట్టి మనిషి తెలిసిపోయినట్టే అనుకుంటారు. ట్రూకాలర్‌లో కనిపించే పేరు ఎవరెవరో సేవ్ చేసుకున్న పేరు. యూపీఐ యాప్‌లో నంబర్ కొడితే వచ్చే పేరు బ్యాంకు ఖాతాది. రెండూ దారి చూపించవచ్చు, కానీ ఏదీ రుజువు కాదు. ఆ సిమ్ వేరొకరి ఆధార్ మీద తీసుకున్నది కావచ్చు. సిమ్ ఒకరి ఫోన్‌లో ఉండి, దాని ఓటీపీతో వాట్సాప్ ఇంకొకరి ఫోన్‌లో నడుస్తుండవచ్చు.

పాకిస్తాన్ కోడ్ 92 తోనో ఇంకే విదేశీ కోడ్‌తోనో వస్తే మనిషి కూడా అక్కడే ఉన్నాడని చెప్పలేం. ఇంటర్నెట్ ద్వారా నడిచే వర్చువల్ నంబర్లు ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చు. లోన్ యాప్‌ల పేరుతో మార్ఫింగ్ ఫొటోలు పంపి బెదిరించేవాళ్లు వాడేవి చాలావరకు ఇలాంటివే.

కాల్ డేటా తీసి ఇస్తామని చెప్పే ప్రైవేటు డిటెక్టివ్‌ల జోలికి వెళ్లవద్దు. కాల్ రికార్డులు కొనడం నేరం. బాధితులుగా వెళ్లాల్సిన మీరు నిందితులవుతారు.

6. ఐపీ అడ్రస్‌తో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

ఇది అర్థమైతే పోలీసులు సమయం గురించి అంతగా ఎందుకు అడుగుతారో తెలుస్తుంది.

మొబైల్ డేటాలో ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఒకేసారి ఎంతోమంది వినియోగదారులు ఉంటారు. ఐపీ ఒక్కటే చెబితే టెలికాం కంపెనీ ఒక్క పేరు చెప్పలేకపోవచ్చు. ఐపీ, పోర్ట్ నంబర్ (ఒకే ఐపీ వెనక ఉన్న కనెక్షన్లను వేరుచేసే నంబర్), సెకన్లతో సహా సమయం, కాలమానం ఇస్తేనే ఒక్కరి దగ్గరికి చేరుతుంది. ఐదున్నర గంటల తేడా సరిచూసుకోకపోతే ఆ సమయానికి ఆ ఐపీ వాడుతున్న మరో అమాయకుడి పేరు వస్తుంది.

పేరు వచ్చినా అది కనెక్షన్ తీసుకున్నవారి పేరే. బ్రాడ్‌బ్యాండ్ అయితే ఆ వైఫై వాడేది హాస్టల్లో అందరూ కావచ్చు, పాస్‌వర్డ్ తెలిసిన పక్కింటి కుర్రాడు కావచ్చు. అందుకే పోలీసులు అక్కడితో ఆగకుండా ఫోన్, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకుని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు.

అసలు ఐపీని దాచే వీపీఎన్ వాడితే ఇక దొరకరా? కష్టమవుతుంది, కానీ ప్రతిసారీ అదే వాడడం మర్చిపోకుండా ఉండడం మనుషులకు ఇంకా కష్టం. 2025 జూన్‌లో అహ్మదాబాద్ పోలీసులు చెన్నైకి చెందిన ఒక మహిళా ఇంజినీర్‌ను అరెస్టు చేశారు. పలు రాష్ట్రాలకు బాంబు బెదిరింపు మెయిళ్లు పంపారని ఆరోపణ. ఆ మెయిళ్లు ఆమెకు తెలిసిన ఒక వ్యక్తిని ఇరికించడానికి, అతని పేరు వాడుతూ పంపినవని పోలీసులు చెప్పారు. వీపీఎన్, వర్చువల్ నంబర్లు వాడినా ఎక్కడో ఒక చోట చేసిన పొరపాటుతో ఆనవాలు దొరికిందన్నారు. మెయిల్‌లో కనిపించిన పేరునే పట్టుకుని వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

అవతలివాళ్ల ఐపీ పట్టేస్తుందని చెప్పే ట్రాకింగ్ లింకులు పంపడం, వాళ్ల అకౌంట్ హ్యాక్ చేయించడం అస్సలు చేయవద్దు. ఇతరుల అకౌంట్లోకి అనుమతి లేకుండా దూరడం ఐటీ చట్టం కింద నేరం. పైగా అవతలివాళ్లు జాగ్రత్తపడి అకౌంట్ మూసేస్తారు.

7. అనుమానాలను కాగితం మీద పెట్టండి

తెలిసినవాళ్లే చేశారేమో అనిపిస్తే "ఎవరు?" అని కాకుండా "ఈ విషయం ఎవరెవరికి తెలుసు?" అని మొదలుపెట్టండి. బెదిరింపులో బయటివాళ్లకు తెలియని వివరం ఏదైనా ఉందా? మీ ముద్దుపేరు, మొన్న ఇంట్లో జరిగిన గొడవ, ఆఫీసు గ్రూపులో మాత్రమే పెట్టిన ఫొటో? ఒక్కో వివరం పక్కన అది తెలిసినవాళ్లందరి పేర్లూ రాయండి. మీకు నచ్చినవాళ్ల పేర్లు కూడా.

రాత తీరు కూడా గమనించండి. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక అలవాటు ఉంటుంది. 'చూస్తున్నా' అని రాయడానికి కొందరు త దగ్గర హెచ్ కలుపుతారు, కొందరు కలపరు. దీర్ఘానికి కొందరు రెండు అక్షరాలు వేస్తారు, కొందరు ఒకటే వేస్తారు. 'చెప్పిన' అంటున్నారా, 'చెప్పాను' అంటున్నారా? 'నువ్వు'నా, 'నీవు'నా? వాక్యం చివర రెండు చుక్కలు పెడతారా? ఇవి రుజువులు కావు. కావాలని మరొకరిలా రాసేవాళ్లూ ఉంటారు. కానీ ఎక్కడ వెతకాలో పోలీసులకు కాస్త తెలుస్తుంది.

ఈ కాగితం దర్యాప్తు అధికారికి మాత్రమే. అనుమానంతో ఎవరి ఫొటోనైనా స్టేటస్‌లో పెట్టి "వీడే" అని రాయకండి. తప్పయితే ఆ మనిషి బతుకు పాడవుతుంది, మీ మీద పరువునష్టం కేసు పడుతుంది.

8. ఫిర్యాదు రాయడం, ఇవ్వడం

రెండు దారులున్నాయి, రెండూ వాడండి. ఒకటి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్. అందులో మొబైల్ ఓటీపీతో లాగిన్ అయి ఫిర్యాదు చేస్తే నంబర్ వస్తుంది, ఫిర్యాదు మీ రాష్ట్ర పోలీసులకు వెళ్తుంది. మహిళలు, పిల్లలకు సంబంధించినవాటిలో పేరు చెప్పకుండా ఇచ్చే వీలుంది. కానీ అలా ఇస్తే ఆ తర్వాత ఫిర్యాదు ఏమైందో చూసుకోలేరు, కాబట్టి పేరుతో ఇవ్వడమే మేలు. పోర్టల్ నంబర్ వచ్చినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ అయినట్టు కాదు.

రెండోది పోలీస్ స్టేషన్. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఐటీ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి స్టేషన్‌లో ఆ అధికారిని కలవండి. తెలంగాణలో అయితే ఆడవాళ్లు షీ టీమ్స్‌ను కూడా కలవవచ్చు.

ఫిర్యాదు ఒకటిన్నర పేజీ దాటకూడదు. వరుస ఇలా ఉంటే చదివేవారికి సులువు:

- మీ పేరు, అడ్రస్, ఫోన్
- ఎప్పటి నుంచి, ఏ యాప్‌లో, ఎన్ని బెదిరింపులు
- అన్నిటికన్నా తీవ్రమైన మాట, యథాతథంగా, తేదీ, సమయంతో
- అకౌంట్ లింకులు, నంబర్లు, మెయిల్ అడ్రస్‌లు
- డబ్బు అడిగారా, ఫొటోలు పెడతామన్నారా, వెంటపడుతున్నారా
- "ఆ అకౌంట్ల రిజిస్ట్రేషన్ వివరాలు, లాగిన్ ఐపీలు భద్రపరచమని సంబంధిత కంపెనీకి వెంటనే లేఖ రాయగలరు" అన్న అభ్యర్థన
- జతపరిచిన వాటి జాబితా

ఆ అభ్యర్థన తప్పక రాయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం అకౌంట్ మూసేశాక కూడా యూజర్ రిజిస్ట్రేషన్ సమాచారాన్ని కంపెనీలు 180 రోజులు ఉంచాలి. అవతలివాళ్లు ఐడీ డిలీట్ చేసి పారిపోయినా దారి ఉన్నట్టే. అదే నియమాలు, అధికారం ఉన్న ప్రభుత్వ సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోపు సమాచారం ఇవ్వాలంటున్నాయి. లాగ్‌లను (లాగిన్ లాంటి కార్యకలాపాల రికార్డులు) 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా 2022లో ఆదేశించింది. ఆరు నెలలు ఆలోచిస్తూ కూర్చుంటే ఇవన్నీ చేజారిపోతాయి. ప్రాణాపాయం ఉన్నప్పుడు పోలీసులు అత్యవసర అభ్యర్థన పంపడానికి మెటా, గూగుల్ లాంటి కంపెనీల్లో వేరే ఏర్పాటు ఉంది. మీ కేసు అలాంటిదైతే ఆ మాట ఫిర్యాదు మొదటి వాక్యంలోనే ఉండాలి.

సెక్షన్లు మీరు రాయనక్కరలేదు. కానీ తెలిసి ఉంటే మంచిది. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అందులో బెదిరింపు 351వ సెక్షన్. చంపుతామనడం, తీవ్రంగా గాయపరుస్తామనడం లాంటివైతే 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. పేరు దాచి బెదిరిస్తే 351(4) కింద మరో 2 ఏళ్ల దాకా అదనం. చిక్కెక్కడంటే, కేంద్ర చట్టం పట్టికలో ఈ సెక్షన్ నాన్ కాగ్నిజబుల్, అంటే పోలీసులు తమంతట తాము కేసు కట్టలేనిది. దీని ఒక్కదాని కింద అయితే "కోర్టు అనుమతి కావాలి" అనవచ్చు. అందుకే జరిగినవన్నీ రాయాలి. డబ్బు అడిగితే అది 308, బలవంతపు వసూలు. వద్దన్నా ఆడపిల్ల వెంట ఆన్‌లైన్‌లో పడితే 78. మీ పాస్‌వర్డ్ దొంగిలిస్తే ఐటీ చట్టం 66సీ, ప్రైవేటు ఫొటోలు పంచితే 66ఈ. ఇవి కాగ్నిజబుల్, పోలీసులే నేరుగా కేసు కట్టవచ్చు. ఇంకా కొందరు 66ఏ కింద కేసు పెట్టమని రాసుకొస్తారు. ఆ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి పోలీసులకే ముందు చెప్పాలి. అమెరికాలో అయితే అత్యవసరమైతే 911, తర్వాత స్థానిక పోలీసులు, ఎఫ్‌బీఐ వారి ఐసీ3 వెబ్‌సైట్. బెదిరింపు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నల గురించి అయితే వాళ్ల చేత ఇక్కడ కూడా ఫిర్యాదు ఇప్పించండి.

9. ఇప్పుడు రిపోర్ట్, బ్లాక్

ఫిర్యాదు కాపీ చేతికి వచ్చాక యాప్‌లో రిపోర్ట్ కొట్టండి. ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి కూడా మెయిల్ పెట్టండి. స్పందన లేకపోయినా, సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీల్ చేయవచ్చు, రుసుము లేదు.

నగ్న ఫొటోలు పెడతామని బెదిరిస్తే స్టాప్ ఎన్‌సీఐఐ వెబ్‌సైట్ వాడండి. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ పనిలో చేరిన కంపెనీల యాప్‌లలో ఆ ఫొటో ఎవరైనా ఎక్కించబోతే ఆపగలుగుతారు. 18 ఏళ్ల లోపు వయసులో తీసిన ఫొటోలకు టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది.

బ్లాక్ చేసే ముందు దర్యాప్తు అధికారిని ఒకసారి అడగండి. కొన్నిసార్లు మరిన్ని మెసేజ్‌లు రావడం దర్యాప్తుకు ఉపయోగం. అలాగని మనశ్శాంతి పోగొట్టుకోవద్దు. నోటిఫికేషన్లు ఆపేసి, రోజుకోసారి ఆ చాట్ చూసి భద్రపరిచే పని ఇంట్లో ధైర్యంగా ఉన్నవాళ్లకు అప్పగించండి. నిద్ర పట్టకపోతే, గుండెదడ తగ్గకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

10. ఇప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే

- స్క్రీన్‌షాట్ డిలీట్ చేశారు: గ్యాలరీలో ట్రాష్ చూడండి, సాధారణంగా 30 రోజుల దాకా ఉంటుంది.
- మెయిల్ డిలీట్ చేశారు: జీమెయిల్ ట్రాష్‌లోనూ 30 రోజులు ఉంటుంది.
- అవతలివాళ్లు మెసేజ్ చెరిపేశారు: ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉంటే గత 24 గంటలవి కనిపిస్తాయి. వెంటనే చూడండి.
- వాట్సాప్ చాట్ పోయింది: ఆటో బ్యాకప్ ఈ రాత్రికి కొత్తగా జరిగితే పాత చాట్ దానిలో ఉండదు. ముందు బ్యాకప్ ఆపి, తెలిసినవాళ్ల సాయంతో పాతదాన్ని రీస్టోర్ చేయించండి.
- మీరే బూతులు తిట్టారు: ఫిర్యాదులో దాచకుండా చెప్పండి.
- డబ్బు పంపారు: ట్రాన్సాక్షన్ నంబర్ అన్నిటికన్నా గట్టి ఆధారం కావచ్చు. ఖాతా ఎవరిదో బ్యాంకు చెప్పగలదు.

11. కేసు వెంట నడవడం

స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి పంపి రసీదు దాచండి. అక్కడా కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయవచ్చు. పరువు తీసే పోస్టులు తీయించడానికి హైకోర్టుకు వెళ్లే దారి కూడా ఉంది. పేరు తెలియని ప్రతివాది మీద దావా వేసి, ఆ అకౌంట్ వివరాలు బయటపెట్టమని కంపెనీని ఆదేశించమని కోరవచ్చు. లాయర్లు వీటిని అశోక్ కుమార్ ఆర్డర్లు అంటారు. ఖర్చు ఎక్కువ కాబట్టి చివరి దారిగానే చూడండి.

ఎఫ్‌ఐఆర్ అయ్యాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలియజేయాలని అదే సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. వెళ్లినప్పుడు "ఏమైంది సార్" అని ఊరుకోకుండా మూడు అడగండి: కంపెనీకి లేఖ ఏ తేదీన వెళ్లింది, జవాబు వచ్చిందా, ఐపీల మీద టెలికాం కంపెనీని అడిగారా. కొత్త బెదిరింపు వస్తే చిట్టాలో తర్వాతి నంబర్ వేసి, పాత ఎఫ్‌ఐఆర్ నంబర్ ఉటంకిస్తూ అదనపు వాంగ్మూలంగా ఇవ్వండి. వేరే కొత్త ఫిర్యాదుగా పెడితే రెండూ రెండు టేబుళ్ల మీద ఉండిపోతాయి.

ఆచూకీ దొరకలేదని కేసు మూసేస్తూ రిపోర్టు వేస్తే మీకు నోటీసు వస్తుంది. దాని మీద మేజిస్ట్రేట్ ముందు ప్రొటెస్ట్ పిటిషన్ వేసి, ఏ లేఖ పంపలేదో, ఏ లింక్ మీద అడగలేదో మీ చిట్టాలోని నంబర్లతో సహా చూపించి తదుపరి దర్యాప్తు కోరవచ్చు. నోటీసులో చెప్పిన గడువు దాటకముందే లాయర్‌ను కలవండి. డబ్బు పెట్టుకోలేనివాళ్లకు, అలాగే ఆదాయంతో పని లేకుండా మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. న్యాయ సేవల జాతీయ హెల్ప్‌లైన్ నంబర్ 15100.